పునుగుల ప్లేటుకి పోయిన నోరు

నాకు నోరు తప్ప వేరే ఆస్తి లేదు. ఈ మాట మా ఆవిడ పుష్పవతి పెళ్ళైన మూడో రోజునే అంది. తిట్టుగా అంది గానీ, నేను దాన్ని బోర్డు మీద రాయించుకోవలసింది. ఇరవై ఏడేళ్ళుగా ఆటోకి మైకు కట్టించుకుని నందిగామ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నాను. చీరల తగ్గింపు, రేపు కుళాయి రాదన్న కబురు, పోలియో చుక్కలు, తప్పిపోయిన సూడిగేదె, పోయిన మనిషి, అన్నీ ఈ నోటి గుండానే ఊళ్ళోకి వెళ్ళాయి. కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా నా మొహం తెలియనివాళ్ళు బోలెడుమంది. నా నోరు తెలియనివాళ్ళు లేరు. యాభై రెండేళ్ళొచ్చినా అందరికీ బుల్లిబాబునే. పేరు ముందు 'మైకు' అని తగిలించారు. జీవితంలో నాకు దొరికిన ప్రమోషను అదొక్కటే.

చదువు ఆరో తరగతిలో ఆగింది. దానికీ నోరే కారణం. కుటుంబరావు మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తూ తప్పు వేశారు. తప్పండీ అని నేను లేచి అరిచాను. ఆ తర్వాత లెక్క తప్పా ఒప్పా అని ఎవరూ చూడలేదు, అరిచిందెవరో చూశారు. "నోరు మూసుకోవడం వచ్చాక రారా బడికి" అన్నారాయన. రాలేదు. వెళ్ళలేదు. ఆయన అంత పెద్ద చదువు చదివి నోరు మూయించి బతికారు, నేను చదువు లేక నోరు తెరిచి బతికాను. రిటైరయ్యాక ఆయనకి పెన్షనొచ్చింది, నాకు గొంతు నొప్పొచ్చింది.

మనవాళ్ళకి నోటితో ఉన్నంత పని ఇంకే అవయవంతోనూ లేదు. కావలసింది అడిగినవాడికి నోరు పెద్దదంటారు. అడగనివాడికి నోట్లో నాలుక లేదంటారు. పెళ్ళి కుదిరితే నోరు తీపి చేస్తారు, చెడితే ఎవరో నోరు జారారంటారు. ఉన్న మాట అన్నవాడు నోరు పారేసుకున్నట్టు, లేనిది కల్పించి చెప్పినవాడు నోరున్నవాడు, బతకనేర్చినవాడు. డాక్టరు నన్ను షుగరుకి నోరు కట్టుకోమన్నాడు, మా ఆవిడ ఏకంగా నోటికి తాళమే వేసుకోమంది. నాతో అన్నిరకాల కబుర్లూ చెప్పించుకున్న ఈ ఊరు, పని అయిపోగానే మళ్ళీ అదే అంటుంది: వాడిది ఒట్టి నోరే.

ఒట్టిదే. కానీ దానికి రెండు నియమాలుండేవి. రెండూ చావు కబుర్లకే. ఒకటి, ఫోన్లో చెప్తే తీసుకోను. ఇంటికెళ్ళి, మెట్టు మీద కూచుని, పోయినవాళ్ళ పేరు కాగితం మీద రాసుకుని, ఆ ఇంటివాళ్ళ చేత చదివించుకుంటాను. రెండు, చావు జరిగిన వీధిలో మైకు మోగించను. వీధి మొదట్లో ఆపేసి, చెప్పులు కూడా అక్కడే వదిలేసి నడిచి వెళ్తాను. ఏడుస్తున్నవాళ్ళకి వాళ్ళ మనిషి పోయాడని హారన్లో చెప్పాలా? ఇది నాకెవరూ నేర్పలేదు. అడిగినవాడూ లేడు, మెచ్చుకున్నవాడూ లేడు. చీరలకి మాత్రం ఏ వీధైనా ఒకటే, నోరారా అరుస్తాను.

రెండేళ్ళ కింద చలికాలంలో నా గొంతు పోయింది. పదిరోజులు నోటి నుంచి గాలి తప్ప మాట రాలేదు. తిరిగొచ్చిన తెల్లారే కిషోర్‌బాబు దొరికాడు. గాంధీ సెంటర్లో జిరాక్సు షాపు వాడిది. లోపల చిన్న గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి రికార్డింగ్ స్టూడియో అంటాడు.

"బుల్లిబాబన్నా, మళ్ళీ గొంతు పోతే ఏంటి పరిస్థితి? ఓ గంట మాట్లాడి పడెయ్. కార్డులో దాచిపెడతా. నీ నోటికి రెస్టు."

పాతికేళ్ళలో నా నోటికి రెస్టు కావాలని అడిగిన మొదటి మనిషి వాడు. కరిగిపోయాను. ఎదురు బండి మీంచి వేడివేడి పునుగులు ఒక ప్లేటు తెప్పించాడు, అల్లం చట్నీతో. తింటూ, చెయ్యి తుడుచుకుంటూ, గంట కాదు, రెండు గంటలు మాట్లాడాను. చీరలు, ఫ్రిజ్‌లు, స్కూలు అడ్మిషన్లు, రక్తదానం, చావులు. అన్ని ఊళ్ళ పేర్లు, అన్ని ఇళ్ళ పేర్లు. నోరు తిరగని పేర్లు రెండేసిసార్లు చెప్పించాడు. 'ఎంత శ్రద్ధ!' అనుకున్నాను. ఇంకో రెండు పునుగులు వేయించుకున్నాను కూడా.

ఈ వేసవిలో భవానీప్రసాద్ గారు జగ్గయ్యపేటలో మూడంతస్తుల షోరూము కట్టారు. ఫ్రిజ్‌లు, ఏసీలు, మంచాలు. పది ఎకరాల మిర్చి ఆసామి, ఇప్పుడు మిర్చి కంటే మంచాలు ఘాటుగా పోతున్నాయి. ఆయన నందిగామ కొట్టుకి మొదట్నుంచీ నేనే అరిచాను. ఈ ప్రారంభానికి పదిహేను రోజుల ప్రచారం, పరిటాల నుంచి చిల్లకల్లు దాకా. ఎవర్ని పిలుస్తారు, నన్నే. కబురొస్తుందని ఎదురుచూస్తున్నాను. ఈలోపు కంచికచర్లలో చుట్టాలింటికెళ్ళి బస్టాండులో నిలబడితే కబురు నిజంగానే వచ్చింది, నా గొంతుతో.

"రండి బాబూ రండి! జగ్గయ్యపేట చరిత్రలోనే..."

ఆటో మీద నాలుగు హారన్లు. లోపల డ్రైవరు తప్ప మనిషి లేడు. నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"పక్కకి జరగన్నా, బస్సులొస్తన్నాయి" అన్నాడు డ్రైవరు.

"ఆ గొంతు నాది."

"ఏ గొంతు?"

"ఆ అరిచే గొంతు. నేను మైకు బుల్లిబాబుని."

వాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. నా ఎడమ చెప్పు నోరు తెరిచి ఉంది, అక్కడ కాసేపు ఆగాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే, హారన్ల ఎదురుగా, అవే మాటలు అదే రాగంతో అరిచి చూపించాను. బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన ఒకడు తల పంకించాడు.

"పర్లేదబ్బాయ్, బాగానే చేస్తన్నావు. ఇంకాస్త ప్రాక్టీసు చెయ్. బుల్లిబాబు నోట్లో ఉన్న ఊపు వేరు."

డ్రైవరు గేరు వేశాడు. నా నోరు నన్ను దాటుకుని పరిటాల వైపు వెళ్ళిపోయింది. నేను నోరెళ్ళబెట్టి నిలబడ్డాను. అది మటుకు అచ్చంగా నాదే.

అట్నుంచటే జగ్గయ్యపేట బస్సెక్కాను. షోరూములో ఇంకా రంగు వాసన పోలేదు. భవానీప్రసాద్ గారు కొత్త మంచమ్మీద కూచుని స్ప్రింగులు చూస్తున్నారు.

"నా నోరు వాడారండీ."

"వాడితే అరిగిందా?"

"ఒక మాట అడగాలి గదండీ."

"ఎవర్నడగాల్రా? రికార్డింగు కిషోర్‌బాబుది. ఆటో నాది. బ్యాటరీ నాది. ఇందులో నీదేముంది?"

"నోరండీ."

"అది నీ మొహానే ఉందిగా, ఎవరెత్తుకెళ్ళారు?"

పనివాళ్ళు నవ్వారు. నవ్వాలి, జీతగాళ్ళు. ఆయన ఇంకా చెప్పారు, ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు: "వేరేవాణ్ణి పెట్టుకుంటే నువ్వేడవాలి. నీమీద అభిమానంతో నీ గొంతే పెట్టా. నువ్వు ఇంట్లో పడుకో, నీ పేరు ఊరంతా మోగుద్ది. ఇంతకంటే ఏం గావాలి? ఇదిగో, స్వీటు తిని నోరు తీపి చేసుకు పో."

షుగరండీ అన్నాను. "పోనీ మీ ఆవిడకిచ్చెయ్" అన్నారు. నోటికాడ కూడు లాక్కుని లడ్డూ పెట్టడం ఈ ఆసామికే చెల్లింది.

నందిగామ తిరిగొచ్చి కిషోర్‌బాబు మీద నోరు చేసుకున్నాను. వాడికి కోపం కూడా రాలేదు. కంప్యూటర్ నావైపు తిప్పాడు.

"రికార్డింగు పాత మాటన్నా. ఇప్పుడు నీ నోరు ఇందులో ఉంది. ఏం టైపు కొడితే అది నీ గొంతుతో చెప్పుద్ది. చూడు." ఏదో కొట్టాడు. "కిషోర్‌బాబు బంగారం" అంది నా నోరు, నోరారా, ఎంతో ప్రేమగా. "చూశావా, నువ్వు జన్మలో ఈ మాట అనేవాడివా?"

"తీసెయ్ రా దాన్ని."

"ఎట్లా తీస్తానన్నా? రెండు గంటలు నోరు తెరిచి చెప్పింది నువ్వే. పునుగులు తిన్నది నువ్వే."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. లడ్డూ తింటూ విన్నది. "ఇంట్లో అరిచేదాన్ని కూడా ఎవడన్నా అట్లా పెట్టెలో పెట్టి పట్టుకుపోతే బాగుణ్ణు" అంది.

మూడు వారాలు పని లేదు. ఊళ్ళో మాత్రం నేను తెగ పనిచేస్తున్నాను. ఏ వీధి చూసినా నేనే. ట్యూషన్లు నేనే, పుచ్చకాయలు నేనే. కనపడ్డవాళ్ళు "ఏం బుల్లిబాబూ, చేతినిండా పని, మనిషివే దొరకట్లేదు" అంటున్నారు. నలుగురి నోళ్ళలో నానుతున్నాను, నా నోట్లోకి మాత్రం ఏమీ రావడం లేదు.

ఆ మంగళవారం పొద్దున్నే సెంటర్లో టీ తాగుతున్నాను. చందర్లపాడు రోడ్డు వైపు నుంచి ఆటో వచ్చింది. ఈసారి ఫ్రిజ్‌లు కాదు. నా చావు గొంతు, మెల్లగా, బరువుగా.

"విచారకరమైన వార్త. రిటైర్డ్ ఉపాధ్యాయులు కుటుంబరావు గారు ఈ తెల్లవారుజామున కాలం చేశారని తెలియజేయుటకు చింతిస్తున్నాము..."

గ్లాసు కింద పెట్టేశాను. నోటి తడి ఆరిపోయింది. ఆయన్ని నలభై ఏళ్ళు తిట్టుకున్నాను, ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. ఒకరోజు ఎదురుపడి ఆ లెక్క తప్పేనా కాదా అని అడగాలని, సమాధానం చెప్పేదాకా కదలకూడదని అనుకునేవాణ్ణి. ఇక లేదు. అది మిషనని నాకు తెలుసు. అయినా నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఇరవై ఏడేళ్ళలో ఆ నోటి నుంచి ఒక్క తప్పు చావు రాలేదు. అంత నమ్మకమైన నోరు ఈ తాలూకాలో ఇంకోటి లేదు.

పూలదండ కొనుక్కుని రైతుపేటలో ఆయనింటికి నడిచాను. అప్పటికే ముప్పై మంది దండలు పట్టుకుని గేటు దగ్గర బిక్కచచ్చి నిలబడ్డారు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో తువ్వాలు కప్పుకుని కుటుంబరావు మాస్టారు కూచుని ఉన్నారు. బతికి. ఎప్పటికంటే కాస్త కోపంగా.

లోపల చాప మీద ఉన్నది ఆయన తల్లి సీతారావమ్మ గారు. తొంభై నాలుగేళ్ళు. ఆవిడని చూడటానికి ఎవరూ లోపలికి పోవడం లేదు, అందరూ ఈయన్నే చూస్తున్నారు. పాత శిష్యుడొకడు అప్పటికే ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చేసి, లేచి ఏం చేయాలో తెలియక తులసికోటకి దండ వేశాడు.

నన్ను చూడగానే మాస్టారి అల్లుడు దిలీప్ మెట్లు దిగొచ్చి కాలరు పట్టుకున్నాడు.

"నోటికొచ్చింది వాగుతావా? బతికున్న మనిషిని చంపుతావా?"

"నేను కాదండి."

"నీ గొంతు కాదా?"

"గొంతు నాదేనండి."

"మరి?"

"చెప్పింది నేను కాదండి."

ఇది ఎంత నిజమో అంత దరిద్రంగా వినపడింది. "పొద్దున్నే తాగొచ్చాడు" అన్నారెవరో. "నీ నోరు పడిపోను!" అంది పక్కింటి ముసలావిడ. "పోలీస్‌స్టేషన్‌కి ఫోన్ కొట్టండి" అని ఇంకొకడు. చేతిలో దండ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఫ్రిజ్‌లు పోతే పోయాయి. ఈ ఒక్కటీ పోతే ఇక ఏ గుమ్మంలోనూ నన్ను మెట్టు మీద కూచోనివ్వరు. తప్పుడు చావు చెప్పిన నోటిని ఎవరు పిలుస్తారు? కంప్యూటర్ గురించి చెప్పబోయాను. "నోరు ముయ్!" అన్నాడు దిలీప్.

అప్పుడే వీధి మలుపు తిరిగి ఆటో వచ్చింది. నాలుగు హారన్లు, ఫుల్ సౌండు. తిన్నగా మాస్టారి గేటు ముందుకొచ్చి ఆగింది, "రిటైర్డ్ ఉపాధ్యాయులు కుటుంబరావు గారు కాలం చేశారని" అంటూ. ఇక్కడ నేను నోరు మూసుకుని ఉన్నాను, అక్కడ నా నోరు మోగుతోంది. జనం అటూ ఇటూ చూస్తున్నారు. ఇంత జరిగినా "మిమిక్రీ" అన్నవాడొకడున్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. క్లాసులో ఎత్తినట్టే చెయ్యెత్తారు. డ్రైవరు కూడా భయపడి ఆపేశాడు.

"వదలండి వాణ్ణి. వాడు కాదు."

"గొంతు వాడిదే మామయ్యా."

"గొంతు నాకూ వినపడుతోందయ్యా. మా తమ్ముడు సుబ్బరాయుడు పోయినప్పుడు ఊరంతా వీడే చెప్పాడు. ఈ వీధి మొదట్లో మైకు కట్టేసి, చెప్పులక్కడ విప్పి, ఉత్త కాళ్ళతో నడిచొచ్చాడు. ఎండాకాలం. ఇదే మెట్టు మీద కూచుని పేరు రెండుసార్లు నాచేత చదివించుకున్నాడు. ఈ వీధిలో నోరెత్తలేదు. ఇదేమో మా అమ్మ శవం ముందుకొచ్చి అరుస్తోంది. వీడు కాదు."

నేను ఆ చెప్పుల సంగతి ఎవరూ చూడలేదనుకున్నాను.

"కబురు ఎవరికిచ్చారు?" అన్నారు మాస్టారు.

దిలీప్ నా కాలరు వదిలాడు. ఫోన్లో కిషోర్‌బాబుకి మెసేజ్ పెట్టింది తనే. ఎవరింటికీ తిరగక్కర్లేదు, అంతా ఫోన్లోనే అయిపోతుందని. 'రిటైర్డ్ ఉపాధ్యాయులు కుటుంబరావు గారి తల్లి సీతారావమ్మ గారు' అని మొదలయ్యే మెసేజ్. కిషోర్‌బాబు పొద్దున్నే నిద్రకళ్ళతో మొదట కనపడ్డ పేరు కొట్టి పంపించేశాడు. చదివించుకోవడానికి అక్కడ మెట్టూ లేదు, మనిషీ లేడు. ఇదంతా బయటపడేసరికి దిలీప్ నోరు మెదపలేదు. నోరు ముయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు, పెద్ద ఉద్యోగం.

మాస్టారు నావైపు తిరిగారు. "నోరు మూసుకోవడం ఎప్పుడో వచ్చింది రా నీకు. నేనే చూసుకోలేదు."

ఇంకా ఏదో అంటారని నిలబడ్డాను. లెక్క సంగతి ఎత్తుతారేమోనని. ఎత్తలేదు. మాస్టార్లు అంతవరకే దిగుతారు.

"వెళ్ళి సరిగ్గా చెప్పి రా" అన్నారు. మెట్టు మీద కూచుని రాసుకున్నాను. సీతారావమ్మ గారు. ఆయన చదివారు. దండ లోపలికి తీసుకెళ్ళి ఆవిడ మెడలో వేశాను. ఆవిడకి ఆ పూట పడిన మొదటి దండ నాదే.

పాత ఆటోనే మాట్లాడుకుని బయల్దేరాను. సెంటర్ దగ్గర నేనే ఎదురొచ్చాను, ఇరవై శాతం తగ్గింపుతో. కాసేపు ఆపవయ్యా అన్నాను డ్రైవర్ని. "ఆపితే ఓనరు గారికి ఫోన్లో తెలిసిపోద్దన్నా" అన్నాడు. నా చావు మీద నా ఏసీలు మోగుతున్నాయి. మైకు కట్టేసి దిగాను. కొట్టు కొట్టుకీ వెళ్ళి ఉత్త నోటితో చెప్పాను: మాస్టారు కాదండీ, ఆయన తల్లిగారు. నోరు నొప్పి పుట్టింది. మధ్యాహ్నానికి జనం సరైన మనిషి కోసం రావడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత నందిగామలో చావు కబురుకి మళ్ళీ నన్నే పిలుస్తున్నారు. గొప్ప ఉద్ధరింపేమీ కాదు. ఫ్రిజ్‌లు, చీరలు, పుచ్చకాయలు, నవ్వుతూ చెప్పేవన్నీ ఆ నోటికి. ఏడుస్తూ చెప్పేది నాకు. భవానీప్రసాద్ గారు మొన్న కనపడి "మాకు మటుకు నిన్ను పిలిచే అవసరం రాకూడదురా" అని దణ్ణం పెట్టారు. మొదటిసారి నాకు దణ్ణం పెట్టారు.

నిన్న సాయంత్రం కిషోర్‌బాబు ఇంటికొచ్చాడు. చేతిలో పొట్లం, పునుగులు. పుష్పవతిని పలకరించి, ప్లేటడిగి తనే సర్ది నా ముందు పెట్టాడు.

"తప్పైపోయిందన్నా. ఈసారి పక్కాగా చేద్దాం. చావులవి కొత్తగా తీసుకుందాం. వీధి మొదట్లో దానంతటదే ఆగిపోయేట్టు కూడా పెడతా. ఆ ఆగడం కూడా అచ్చం నీలాగే ఉంటది. నువ్వు ఎట్లా ఆగుతావో, ఎక్కడ ఆగుతావో, ఒక్క గంట చెప్పు చాలు."

పునుగులు వేడిగా ఉన్నాయి. అల్లం చట్నీ పక్కనే వాడి ఫోను బోర్లా పెట్టి ఉంది. అంచున చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

నా నోరూరింది. దాచను. తిట్లు కూడా అంతే ఊరాయి, నలభై ఏళ్ళవి, నాణ్యమైనవి. ఒక్కటి తిట్టినా నా కోపపు గొంతు కూడా వాడి పెట్టెలోకి పోతుంది. రేపు అదే గొంతుతో ఊళ్ళో ఎవరినైనా తిట్టగలడు.

"మాట్లాడవేం అన్నా? ఆఁ అను, ఊఁ అను."

అనలేదు. ప్లేటు మా ఆవిడ వైపు జరిపాను. వాడు అరగంట కూచున్నాడు. వాడే మాట్లాడాడు, వాడే సమాధానం చెప్పుకున్నాడు, చివరికి ఫోను తీసుకుని లేచాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి "ఏమైందొదినా, గొంతు మళ్ళీ పోయిందా?" అనడిగాడు.

పుష్పవతి పునుగు తుంచుతూ నావైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

"ఏమో బాబూ" అంది. "నేనూ మొదటిసారే చూడ్డం."